ఎఫ్ఎఫ్ఎంపెగ్ సోర్స్ బిల్డ్ రివ్యూ: పేరు పెట్టి అడిగితేనే పక్కాగా వస్తుంది

వీడియో, ఆడియో ఫైళ్లతో పని ఉన్న ఏ కంప్యూటర్‌లో వెతికినా, ఆ ఫైళ్లను చదివి, మార్చి, రాసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్ ఎక్కడో ఒక మూల ఉంటుంది. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టును టెర్మినల్‌లో నేరుగా వాడేవాళ్ల కంటే, తాము వాడే ప్లేయర్ల కింద, ఎడిటర్ల కింద అదే ఉందని తెలియకుండా వాడేవాళ్లే ఎక్కువ. ఇక్కడ రివ్యూ చేస్తున్నది టూల్ పనితనాన్ని కాదు, దాన్ని సోర్స్ (మూల కోడ్) నుంచి కంపైల్ చేసి డెస్క్‌టాప్‌లో పెట్టుకునే పద్ధతిని, అంటే సోర్స్ బిల్డ్‌ను. ఉదాహరణలు ఎక్కువగా ఉబుంటు, డెబియన్ నుంచి. మ్యాక్, విండోస్ సంగతులు చివర్లో కొన్ని ఉన్నాయి. ఫ్లాగుల (కమాండ్‌కు ఇచ్చే ఆప్షన్ల) పేర్లను పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంత పెద్ద ప్రాజెక్టుకు ఇంత శుభ్రమైన బిల్డ్ వ్యవస్థ ఉండటం అరుదు. కంపైలర్, రెండు మూడు సహాయక టూల్స్ ఉంటే చాలు, మిగతాదంతా సోర్స్‌తోనే వస్తుంది. ఇబ్బంది మరోచోట ఉంది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయిన బిల్డ్‌ను బాగుచేసుకోవడం తేలికే. ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తయి, మనకు కావలసిన ఎన్‌కోడరో (ఒక ఫార్మాట్‌లోకి రాసే భాగం) ఫిల్టరో (వీడియో, ఆడియోలను మార్చే భాగం) లోపల లేకుండా వచ్చిన బిల్డే అసలు తలనొప్పి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఇలా జరగడానికి చాలా దారులున్నాయి కాబట్టి ఈ రివ్యూలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఎవరికి అవసరం

ఉబుంటు 22.04 ప్యాకేజీ 4.4 వరుసది, 24.04లో ఉన్నది 6.1. డెబియన్ 12లో 5.1, డెబియన్ 13లో 7.1. డిస్ట్రో, అంటే ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ పంపిణీ, ఒక వెర్షన్‌ను పట్టుకుంటే దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తుంది తప్ప కొత్త ఫీచర్లు ఇవ్వదు. 7.0లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండ్ లోపలి భాగాలు సమాంతరంగా నడిచేలా మారాయి, సొంత వీవీసీ (హెచ్.266 వీడియో) డీకోడర్, అంటే ఆ ఫార్మాట్‌ను చదివే భాగం, వచ్చింది. 8.0లో మాటను టెక్స్ట్‌గా మార్చే విస్పర్ ఫిల్టర్ వచ్చింది. ఇలాంటివి కావాలనుకునేవాళ్లకు సోర్స్ బిల్డ్ సరైన దారి. రెండో కారణం లైసెన్స్. ఫ్రౌన్‌హోఫర్ వాళ్ల ఏఏసీ ఎన్‌కోడర్, అంటే ఎఫ్‌డీకే-ఏఏసీ, డెబియన్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్యాకేజీలో ఉండదు. కావాలంటే సొంతంగా కట్టుకోవాల్సిందే.

ఫార్మాట్ మార్చడం, ఒక ముక్క కత్తిరించడం, ఆడియో విడదీయడం వరకే పనైతే డిస్ట్రో ప్యాకేజీ చాలు. ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీడియా ఫైళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, వాటిని విప్పే కోడ్‌లో లోపాలు దొరుకుతూనే ఉంటాయి. ప్యాకేజీ అయితే అప్‌డేట్ దానంతటదే వస్తుంది. సోర్స్ బిల్డ్‌కు ఆ బాధ్యత మీదే. 7.1కి 7.1.1 వచ్చినప్పుడు గమనించి మళ్లీ కట్టుకునే ఓపిక లేకపోతే ఈ దారి వద్దు.

సోర్స్, ఫోల్డర్లు

ప్రాజెక్టు సైట్‌లో రిలీజ్ టార్ ఫైలు, పక్కనే దాని జీపీజీ సంతకం ఫైలు ఉంటాయి. సంతకం సరిచూసుకోవడానికి ఒక నిమిషం పడుతుంది, చూసుకోవాలి. గిట్‌లో ఉన్న మాస్టర్ బ్రాంచ్ సాధారణంగా పనిచేసే స్థితిలోనే ఉంటుంది. రోజువారీ పనికి మాత్రం రిలీజ్ బ్రాంచ్ మేలు, ఎందుకంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఫలానా వెర్షన్ అని చెప్పగలుగుతారు.

సోర్స్ పెట్టే ఫోల్డర్ పేరులో గానీ, దాని పై ఫోల్డర్ల పేర్లలో గానీ ఖాళీ ఉండకూడదు. బిల్డ్‌ను సోర్స్ ఫోల్డర్‌లో కాకుండా పక్కన వేరే ఫోల్డర్‌లో నడపడం మంచి అలవాటు. ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి సోర్స్‌లోని కాన్ఫిగర్‌ను (బిల్డ్‌లో ఏమేం ఉండాలో తేల్చే స్క్రిప్ట్‌ను) పిలిస్తే చాలు. ఫ్లాగులు మార్చి మళ్లీ మొదటి నుంచి చేయాలనిపిస్తే ఆ ఫోల్డర్ ఒక్కటి తీసేస్తే సరిపోతుంది, సోర్స్ చెక్కుచెదరదు. అయితే అంతకుముందు సోర్స్ లోపలే ఒకసారి కాన్ఫిగర్ నడిపి ఉంటే, కాన్ఫిగ్.హెచ్ ఫైలు అక్కడ మిగిలిపోయి బయటి బిల్డ్‌కు అడ్డొస్తుంది. సోర్స్ ఫోల్డర్‌లో, కంపైల్‌ను నడిపించే మేక్ టూల్‌తో మేక్ డిస్ట్‌క్లీన్ కొడితే దారి తెరుచుకుంటుంది.

ఇన్‌స్టాల్ అయ్యే చోటు ఇంకా ముఖ్యం. ఆ చోటును చెప్పే --ప్రిఫిక్స్ ఫ్లాగ్ ఇవ్వకపోతే అంతా /యూఎస్ఆర్/లోకల్ కిందికి పోతుంది. హోమ్ ఫోల్డర్‌లో ఆప్ట్ అని ఒకటి పెట్టుకుని, దాని కింద వెర్షన్ నంబర్‌తో ఫోల్డర్ ఇవ్వడం శ్రేయస్కరం. సుడో (అడ్మిన్ అనుమతి) అవసరం రాదు, పాత వెర్షన్ కొత్తది పక్కపక్కనే ఉంటాయి, వద్దనుకుంటే ఫోల్డర్ తీసేస్తే పోతుంది. /యూఎస్ఆర్ మీదికి మాత్రం ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయకూడదు. డిస్ట్రోలోని వీడియో ప్లేయర్లు చాలావరకు అక్కడి లిబ్ఏవీకోడెక్ (ఎఫ్ఎఫ్ఎంపెగ్ కోడెక్ లైబ్రరీ) మీదే ఆధారపడి ఉంటాయి. దాన్ని తొక్కేస్తే అవన్నీ ఒకేసారి మూలనపడతాయి.

లోపల ఏముంది, బయటి నుంచి ఏం తేవాలి

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడే చోటు ఇదే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు సొంత డీకోడర్లు బోలెడు. హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏఏసీ, ఎంపీ3, ఓపస్ లాంటివి చదవడానికి బయటి లైబ్రరీ ఏదీ అక్కర్లేదు. రాయడం వేరే కథ. హెచ్.264లోకి రాయాలంటే ఎక్స్264, హెచ్‌ఈవీసీకి ఎక్స్265, ఎంపీ3కి లేమ్, వీపీ9కి లిబ్‌వీపీఎక్స్ కావాలి. ఏఏసీకి సొంత ఎన్‌కోడర్ ఉంది, మామూలు పనికి అది సరిపోతుంది.

ఏవీ1 అనే వీడియో ఫార్మాట్ దగ్గర ఒక మెలిక ఉంది. డీకోడర్ల జాబితా తీస్తే ఏవీ1 పేరు కనిపిస్తుంది కాబట్టి ఉందనుకుంటాం. అది గ్రాఫిక్స్ కార్డు సాయంతో నడిచేది మాత్రమే. సాఫ్ట్‌వేర్‌లో విప్పాలంటే డేవ్1డీ లాంటి లైబ్రరీతో కట్టి ఉండాలి. అది లేకుండా కట్టిన బిల్డ్‌కు ఏవీ1 ఫైలు ఇస్తే, మీ ప్లాట్‌ఫామ్ హార్డ్‌వేర్ ఏవీ1 డీకోడింగ్‌ను సపోర్ట్ చేయడం లేదని మెసేజ్ వస్తుంది. అది చదివి గ్రాఫిక్స్ డ్రైవర్ మీద పడి గంటలు వృథా చేసుకునేవాళ్లున్నారు. డ్రైవర్‌కు దీనితో సంబంధం లేదు. --ఎనేబుల్-లిబ్‌డేవ్1డీ అని కాన్ఫిగర్‌లో చేర్చి మళ్లీ కడితే తీరిపోతుంది.

ఉబుంటులో కనీస సరుకు ఇది: బిల్డ్-ఎసెన్షియల్ (కంపైలర్, మేక్), పీకేజీ-కాన్ఫిగ్ (లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పేది), నాజ్మ్ (అసెంబ్లర్). వీటిమీద కావలసిన లైబ్రరీలు, ప్రతిదాని -డెవ్ ప్యాకేజీ. లైబ్రరీ ఒక్కటే ఉంటే చాలదు. హెడర్ ఫైళ్లు, పీకేజీ-కాన్ఫిగ్ చదివే పీసీ (.pc) ఫైలు -డెవ్‌లోనే ఉంటాయి. మెషిన్‌లో ఎక్స్264 ఉంది కదా, అయినా దొరకలేదంటుందేమిటి అన్న ప్రశ్నకు పదిలో తొమ్మిదిసార్లు జవాబు ఇదే.

కాన్ఫిగర్: ఈ బిల్డ్‌కు గుండెకాయ

చూడటానికి, చాలా ప్రాజెక్టులు వాడే ఆటోకాన్ఫ్ టూల్ తయారుచేసే స్క్రిప్ట్‌లా ఉన్నా ఇది చేత్తో రాసిన షెల్ స్క్రిప్ట్. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఆటోకాన్ఫ్‌కు తెలియని --ఎనేబుల్ ఫ్లాగ్ ఇస్తే చివర్లో ఒక హెచ్చరిక వేసి ముందుకు పోతుంది. ఇది అలా ఊరుకోదు. లిబ్ఎక్స్264 బదులు ఎక్స్264 అని మాత్రమే రాస్తే, తెలియని ఆప్షన్ అని చెప్పి అక్కడే ఆగిపోతుంది. ఇది చాలా మంచి గుణం, మిగతా ప్రాజెక్టులు కూడా నేర్చుకోవాల్సినది.

ఇంత కచ్చితంగా ఉండే స్క్రిప్టే మరో విషయంలో నోరు మెదపదు. హెల్ప్ తీసి చూస్తే కొన్ని లైబ్రరీల పక్కన నో అని, కొన్నింటి పక్కన ఆటోడిటెక్ట్ అని ఉంటుంది. నో అని ఉన్నవి మనం అడిగితేనే చేరతాయి, అడిగాక దొరకకపోతే ఎర్రర్. ఆటోడిటెక్ట్ అని ఉన్నవి ఉంటే చేరతాయి, లేకపోతే ఏ మెసేజూ లేకుండా తప్పుకుంటాయి. జడ్‌లిబ్ (డేటా కుదించేది), ఎస్‌డీఎల్2 (తెరమీద చూపించేది), ఆల్సా (లినక్స్ ధ్వని), వీఏఏపీఐ (గ్రాఫిక్స్ కార్డు సాయం) ఈ రెండో రకం.

జడ్‌లిబ్‌నే దగ్గరగా చూద్దాం. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటులో జడ్‌లిబ్ ఉంటుంది, దాని -డెవ్ ఉండదు. కాన్ఫిగర్ హాయిగా పూర్తవుతుంది. మేక్ పూర్తవుతుంది. వీడియో మారుతుంది, ఆడియో మారుతుంది, అంతా బాగుందనిపిస్తుంది. కొన్నాళ్లకు ఒక వీడియోలోంచి ఒక ఫ్రేమ్‌ను పీఎన్‌జీగా తీయబోతే ఎన్‌కోడర్ లేదంటుంది. పీఎన్‌జీ లోపలి డేటా జడ్‌లిబ్ పద్ధతిలో కుదించి ఉంటుంది కాబట్టి, ఆ లైబ్రరీ లేకపోతే పీఎన్‌జీ ఎన్‌కోడర్, డీకోడర్ రెండూ బిల్డ్ నుంచి జారిపోతాయి. ఎస్‌డీఎల్2 లేకపోతే ఎఫ్ఎఫ్‌ప్లే అనే ప్రోగ్రామే తయారుకాదు, అదీ చడీచప్పుడు లేకుండానే.

మందు సులువే. ఆటోడిటెక్ట్ వాటిని కూడా పేరు పెట్టి అడగాలి. --ఎనేబుల్-జడ్‌లిబ్, --ఎనేబుల్-ఎస్‌డీఎల్2 అని లైన్‌లో రాసేస్తే, దొరకనప్పుడు అడిగారు కానీ దొరకలేదని స్క్రిప్ట్ ఆగిపోతుంది. ఇంకా గట్టిగా కావాలంటే --డిసేబుల్-ఆటోడిటెక్ట్ పెట్టి, అవసరమైనవన్నీ ఒక్కొక్కటిగా పేర్కొనవచ్చు. అప్పుడు ఈ మెషిన్‌లో కట్టినా, ఇంకో మెషిన్‌లో కట్టినా ఒకే బిల్డ్ వస్తుంది. ఒకటికి మించిన కంప్యూటర్లలో వాడేవాళ్లకు ఈ పద్ధతే సరైనది.

పేరు పెట్టి అడిగినా తప్పించుకునే కేసు ఒకటుంది, అది డ్రాటెక్స్ట్ ఫిల్టర్. వీడియో మీద అక్షరాలు రాసేది ఇదే. పాత గైడ్లన్నీ దీనికి లిబ్‌ఫ్రీటైప్ ఒక్కటి చాలంటాయి. కొత్త వెర్షన్లలో లిబ్‌హార్ఫ్‌బజ్ కూడా తప్పనిసరి. ఫ్రీటైప్‌ను మాత్రమే ఎనేబుల్ చేస్తే ఫ్రీటైప్ దొరికిందని కాన్ఫిగర్ సంతోషంగా చెబుతుంది, డ్రాటెక్స్ట్ మాత్రం లోపల ఉండదు. వాడబోయేసరికి అలాంటి ఫిల్టర్ లేదని వస్తుంది. ఈ హార్ఫ్‌బజ్ మార్పు మన లిపి వాడేవాళ్లకు నిజంగా మేలు చేసింది. అక్షరాలను పక్కపక్కన పేర్చడం వేరు, ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోబెట్టడం వేరు. ఆ రెండో పని చేసేది హార్ఫ్‌బజ్. క్ష్మి, స్త్రీ లాంటివి విడివిడిగా చెదిరిపోకుండా రావాలంటే అది ఉండాలి. ఫాంట్‌ను పేరుతో పిలవాలంటే లిబ్‌ఫాంట్‌కాన్ఫిగ్ కూడా చేర్చాలి, లేకపోతే ప్రతిసారీ ఫాంట్ ఫైలు పూర్తి పాత్ ఇవ్వాల్సి ఉంటుంది. సబ్‌టైటిల్స్‌ను వీడియోలోకి అచ్చువేయడానికి వేరే లైబ్రరీ, లిబ్ఏఎస్ఎస్.

హెచ్‌టీటీపీఎస్ కూడా ఇలాంటిదే. లినక్స్‌లో దానికి కావలసిన టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) లైబ్రరీ దానంతటది చేరదు. మరిచిపోతే ఇంటర్నెట్ చిరునామా ఇచ్చినప్పుడు హెచ్‌టీటీపీఎస్ ప్రొటోకాల్ దొరకలేదు, మళ్లీ కంపైల్ చేయండి అని వస్తుంది. టీఎల్ఎస్ లైబ్రరీల్లో జీఎన్‌యూటీఎల్ఎస్ పెట్టుకోవడం తేలిక. దాని బదులు ఓపెన్ఎస్ఎస్ఎల్ 3ను జీపీఎల్ లైసెన్స్ ఉన్న భాగాలతో కలిపితే --ఎనేబుల్-వెర్షన్3 కూడా ఇమ్మని కాన్ఫిగర్ పట్టుబడుతుంది, కారణం లైసెన్సుల మధ్య పొత్తు కుదరకపోవడం.

లైసెన్స్ ఫ్లాగుల గురించి నాలుగు ముక్కలు. ఏమీ ఇవ్వకపోతే బిల్డ్ ఎల్‌జీపీఎల్ 2.1 కింద ఉంటుంది. ఎక్స్264, ఎక్స్265 జీపీఎల్‌వి కాబట్టి --ఎనేబుల్-జీపీఎల్ ఇవ్వకుండా అవి చేరవు. వాటితోపాటు ఎఫ్‌డీకే-ఏఏసీని కూడా కలపాలంటే --ఎనేబుల్-నాన్‌ఫ్రీ కావాలి. అలా వచ్చిన బైనరీని (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌ను) ఎవరికీ పంచకూడదు, సొంత వాడకానికే. కాన్ఫిగర్ ఈ విషయంలో దాపరికం లేకుండా ఉంటుంది, చివర్లో లైసెన్స్ ఏమిటో స్పష్టంగా అచ్చువేస్తుంది.

ఆ చివరి అచ్చును చాలామంది చదవరు, అదే పెద్ద పొరపాటు. కాన్ఫిగర్ ముగిశాక తెర నిండా వచ్చే జాబితాలో మూడు చోట్ల కళ్లు ఆపాలి. బయటి లైబ్రరీల వరుసలో మీరు అడిగినవన్నీ ఉన్నాయా? ప్రోగ్రామ్స్ దగ్గర ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఫైలు వివరాలు చూపే ఎఫ్ఎఫ్‌ప్రోబ్, ఎఫ్ఎఫ్‌ప్లే మూడూ ఉన్నాయా? ఫిల్టర్లలో మీ పనికి కావలసినవి కనిపిస్తున్నాయా? ఇక్కడ రెండు నిమిషాలు పెడితే ఒక కంపైల్ మొత్తం మిగులుతుంది.

ఎర్రర్ ఒకటి చెబుతుంది, లాగ్ ఇంకొకటి చెబుతుంది

కాన్ఫిగర్ ఆగిపోయినప్పుడు తెరమీద కనిపించే లైన్ చాలాసార్లు అసలు కారణం కాదు. బిల్డ్ ఫోల్డర్‌లో ఎఫ్ఎఫ్‌బిల్డ్ కింద కాన్ఫిగ్.లాగ్ ఉంటుంది, దాని తోక చదవాలి. ప్రతి లైబ్రరీకి కాన్ఫిగర్ ఒక చిన్న సీ ప్రోగ్రామ్ రాసి, కంపైల్ చేసి, లింక్ చేసి చూస్తుంది. అందులో ఏది విఫలమైనా తెరమీద పడేది ఒకటే మాట: పీకేజీ-కాన్ఫిగ్ ద్వారా దొరకలేదు.

ఎక్స్265ను కూడా సోర్స్ నుంచి స్టాటిక్‌గా (బైనరీలోనే కలిసిపోయేలా) కట్టుకునేవాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది. పీసీ ఫైలు ఉంది, పీకేజీ-కాన్ఫిగ్‌ను నేరుగా అడిగితే వెర్షన్ కూడా చెబుతోంది, అయినా ఎక్స్265 దొరకలేదంటుంది. లాగ్ అడుగున చూస్తే లింకర్ మాట కనిపిస్తుంది: -ఎల్‌నూమా దొరకలేదు. అంటే ఎక్స్265 దొరికింది. అది ఆధారపడిన నూమా లైబ్రరీ దొరకలేదు. లిబ్‌నూమా-డెవ్ ఇన్‌స్టాల్ చేస్తే దాటుతుంది. అక్కడ పీథ్రెడ్‌కో, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీకో చెందిన పేర్లు అన్‌డిఫైన్డ్ అని కనిపిస్తే మందు వేరు: --పీకేజీ-కాన్ఫిగ్-ఫ్లాగ్స్‌లో --స్టాటిక్ ఇవ్వాలి, --ఎక్స్‌ట్రా-లిబ్స్‌లో -ఎల్‌పీథ్రెడ్, -ఎల్ఎం చేర్చాలి. స్టాటిక్ లైబ్రరీ తన వెనక ఏమేం కావాలో లోపల మోసుకురాదు, పీసీ ఫైలులోని ప్రైవేట్ వరుసలో మాత్రమే రాసి పెట్టుకుంటుంది. --స్టాటిక్ ఇస్తేనే పీకేజీ-కాన్ఫిగ్ ఆ వరుసను బయటపెడుతుంది.

సొంతంగా కట్టిన లైబ్రరీలు సొంత ప్రిఫిక్స్‌లో ఉంటే పీకేజీ_కాన్ఫిగ్_పాత్ వేరియబుల్‌లో ఆ లిబ్/పీకేజీకాన్ఫిగ్ ఫోల్డర్ పెట్టాలి. కొన్ని బిల్డ్‌లు లిబ్ బదులు లిబ్64లోనో, లిబ్ కింద మెషిన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనో పెడతాయి, కాబట్టి పీసీ ఫైలు ఎక్కడ పడిందో ఒకసారి వెతికి చూసుకోవడం మంచిది. ఎక్స్265 రిపాజిటరీని ట్యాగులు లేకుండా పైపైన క్లోన్ చేస్తే, వెర్షన్ గుర్తింపు తప్పి పీసీ ఫైలే తయారుకాకపోవచ్చు. పూర్తి క్లోన్ తీసుకుంటే ఆ బెడద లేదు.

నాజ్మ్ లేకుండా కట్టొద్దు

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీద నాజ్మ్ అసెంబ్లర్ లేకపోతే కాన్ఫిగర్ ఆగి, కావాలంటే --డిసేబుల్-ఎక్స్86ఏఎస్ఎం వాడుకోమని దారి చూపిస్తుంది. ఆ దారిలో వెళ్లకూడదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వేగమంతా చేత్తో రాసిన అసెంబ్లీ కోడ్‌లో ఉంది. అది తీసేస్తే బిల్డ్ పనిచేస్తుంది, ఫలితం కూడా సరిగ్గానే వస్తుంది, కాకపోతే డీకోడింగ్, సైజు మార్చడం, రంగుల మార్పిడి బాగా నెమ్మదిస్తాయి. ఎక్స్264 తన అసెంబ్లీని తనే తెచ్చుకుంటుంది కాబట్టి ఎన్‌కోడింగ్ వేగం మామూలుగానే కనిపించి, లోపం ఎక్కడుందో పట్టుకోవడం కష్టమవుతుంది. పాత గైడ్లలో యాజ్మ్ పేరు కనిపిస్తే పట్టించుకోవద్దు, 8.0 నుంచి దానికి సపోర్ట్ తీసేశారు.

-మార్చ్=నేటివ్ లాంటి ఫ్లాగులు చేర్చే అలవాటు కూడా మానుకోవచ్చు. వేగం కావలసిన చోట్ల ప్రాసెసర్ ఏమిటో నడిచేటప్పుడే గుర్తించి తగిన కోడ్ ఎంచుకునే ఏర్పాటు ముందే ఉంది. కొత్త ఫ్లాగుతో వచ్చే లాభం స్వల్పం, నష్టం మాత్రం స్పష్టం: ఆ బైనరీని పాత మెషిన్‌కు తీసుకెళ్తే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని కూలిపోతుంది.

మేక్, ఇన్‌స్టాల్

ఈ భాగం సాఫీగా నడుస్తుంది. మేక్‌కు -జే ఇచ్చి కోర్ల సంఖ్య చెబితే, ఎనిమిది కోర్ల మెషిన్‌లో కొన్ని నిమిషాల పని. ర్యామ్ 4 జీబీ ఉన్న మెషిన్‌లో -జే2తో సరిపెట్టుకోవాలి. మధ్యలో కంపైలర్ కిల్డ్ అని ఆగిపోతే అది కోడ్ తప్పు కాదు, మెమరీ చాలక కెర్నల్ దాన్ని చంపేసిందన్నమాట. జాబ్‌లు తగ్గించి మళ్లీ మేక్ కొడితే ఆగిన చోటు నుంచే సాగుతుంది. పాత వెర్షన్‌ను కొత్త డిస్ట్రోలో కట్టబోతే ఇంకో ఎర్రర్ ఉంది: మ్యాథ్ఆప్స్.హెచ్ ఫైలు పేరు చెప్పి, ఎస్‌హెచ్ఆర్‌కు ఆపరాండ్ రకం పొసగలేదంటుంది. బిన్‌యుటిల్స్ 2.41 నుంచి అసెంబ్లర్ కఠినంగా మారడమే దీనికి మూలం. 6.1 లేదా ఆ పైది తీసుకుంటే పోతుంది.

పూర్తయ్యాక ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోపాటు ఎఫ్ఎఫ్ఎంపెగ్_జీ అనే చాలా పెద్ద ఫైలు కనిపిస్తే కంగారుపడొద్దు. అది డీబగ్ సమాచారంతో ఉన్నది, చిన్నది దాన్నుంచి తీసినదే. క్రాష్ అయితే వెతకడానికి పెద్దది పనికొస్తుంది, ఇన్‌స్టాల్ అయ్యేది చిన్నదే.

ఇన్‌స్టాల్ తర్వాత పాత్ వేరియబుల్‌లో మీ ప్రిఫిక్స్ బిన్ ఫోల్డర్‌ను ముందు పెట్టండి. అయినా పాత వెర్షనే పలుకుతోందంటే షెల్ పాత చోటును గుర్తుపెట్టుకుందన్నమాట. బాష్‌లో హ్యాష్ -ఆర్ కొట్టాలి, లేదా కొత్త టెర్మినల్ తెరవాలి. టైప్ -ఏ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అంటే పాత్‌లో ఉన్నవన్నీ వరుసగా చూపిస్తుంది, మొదటిదే నడిచేది.

పరీక్షకు బయటి ఫైలు అక్కర్లేదు. లోపలే ఉన్న టెస్ట్‌ఎస్ఆర్‌సీ2 అనే కృత్రిమ వీడియో నుంచి పది సెకన్లు తీసుకుని ఎక్స్264తో ఎన్‌కోడ్ చేయించి, అదే ఫైలును ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌కు ఇచ్చి చూడండి. ఆపైన మీ పనికి కావలసిన ప్రతిదాన్నీ -ఎన్‌కోడర్స్, -ఫిల్టర్స్, -ప్రొటోకాల్స్ జాబితాల్లో పేరు పెట్టి వెతకండి. ప్రాజెక్టు సొంత పరీక్షల సముదాయం ఫేట్ కూడా ఉంది. నమూనా ఫైళ్లే ఒక జీబీకి పైన ఉంటాయి కాబట్టి మామూలు వాడకందారుకు అంత దూరం పోవాల్సిన పని లేదు.

గ్రాఫిక్స్ కార్డు, మ్యాక్, విండోస్

ఎన్విడియా కార్డులో ఎన్‌కోడ్ చేయడానికి సీయూడీఏ టూల్‌కిట్ మొత్తం కావాలనుకుంటారు. అక్కర్లేదు. ఎన్‌వీ-కోడెక్-హెడర్స్ అనే చిన్న రిపాజిటరీని మేక్ ఇన్‌స్టాల్ చేస్తే చాలు, అందులో ఉండేవి హెడర్లే. నాన్‌ఫ్రీ ఫ్లాగ్ కూడా ఎన్‌వీఎన్‌సీకి (ఎన్విడియా కార్డు ఎన్‌కోడర్‌కు) అవసరం లేదు. జాగ్రత్తపడాల్సింది వెర్షన్ల జత విషయంలో. హెడర్లు డ్రైవర్ కంటే కొత్తవైతే బిల్డ్ బాగానే అవుతుంది, నడిపినప్పుడు డ్రైవర్ ఈ ఏపీఐ వెర్షన్‌ను సపోర్ట్ చేయడం లేదని, ఎంత కావాలో ఎంత ఉందో చెప్పి ఆగుతుంది. హెడర్స్ రీడ్‌మీలో కనీస డ్రైవర్ నంబర్ ఉంటుంది, దానికి తగ్గ ట్యాగ్ తీసుకోవాలి.

మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ పెట్టుకుంటే కంపైలర్ వస్తుంది. యాపిల్ సిలికాన్ మెషిన్లలో అసెంబ్లీని ఆ కంపైలర్ క్లాంగే చూసుకుంటుంది, నాజ్మ్ అక్కర్లేదు. మ్యాక్ హార్డ్‌వేర్‌తో ఎన్‌కోడ్, డీకోడ్ చేసే వీడియోటూల్‌బాక్స్ దానంతటదే చేరుతుంది. హోమ్‌బ్రూ (మ్యాక్ ప్యాకేజీ మేనేజర్) లైబ్రరీలు సిలికాన్ మెషిన్లలో /ఆప్ట్/హోమ్‌బ్రూ కింద, ఇంటెల్ మెషిన్లలో /యూఎస్ఆర్/లోకల్ కింద ఉంటాయి. సిలికాన్ మెషిన్‌లో పాత గైడ్ చూసి రెండో చోటు ఇస్తే ఏదీ దొరకదు. హోమ్‌బ్రూ 2019లో తన ప్రధాన ఫార్ములాల నుంచి ఆప్షన్లు తీసేసింది కాబట్టి, నచ్చిన ఎన్‌కోడర్ చేర్చుకోవాలంటే సోర్స్ బిల్డో, వేరేవాళ్ల ఫార్ములాలు ఉండే ట్యాపో తప్పదు.

విండోస్‌లో ఎంసిస్2 (లినక్స్ తరహా బిల్డ్ టూల్స్ ఇచ్చేది) ద్వారా చేయవచ్చు, యూసీఆర్‌టీ64 షెల్ తెరవాలి. పక్కనున్న మామూలు ఎంసిస్ షెల్‌లో కడితే దాని డీఎల్ఎల్ మీద ఆధారపడిన బైనరీ వస్తుంది. కాన్ఫిగర్ వేల చిన్న ప్రాసెస్‌లు పుట్టిస్తుంది, విండోస్‌లో అది ఖరీదైన పని కాబట్టి లినక్స్‌లో ఒక నిమిషంలోపు అయ్యేది ఇక్కడ చాలా నిమిషాలు తీసుకుంటుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో ఆపొద్దు.

డిస్ట్రో మారిన రోజు

డిఫాల్ట్‌గా ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత లైబ్రరీలు బైనరీలోనే కలిసిపోతాయి, కాబట్టి ఎల్‌డీకాన్ఫిగ్ (షేర్డ్ లైబ్రరీల జాబితా తాజా చేసే కమాండ్) గొడవ లేదు. --ఎనేబుల్-షేర్డ్ పెట్టుకున్నవాళ్లకే అది. కానీ డిస్ట్రో నుంచి తెచ్చుకున్న ఎక్స్264 లాంటివి బయటే ఉంటాయి. ఉబుంటు 22.04లో అది లిబ్ఎక్స్264.ఎస్ఓ.163, 24.04లో 164. అప్‌గ్రేడ్ తర్వాత పాత ప్యాకేజీ తొలగిపోతే, నిన్నటిదాకా నడిచిన బైనరీ షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోయానంటుంది. 164కు 163 పేరుతో సింబాలిక్ లింక్ పెట్టి నెట్టుకొచ్చే చిట్కా అక్కడక్కడా కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. ఆ నంబర్ మారిందంటే లోపలి ఏర్పాటు మారిందని అర్థం. ఎల్‌డీడీ కమాండ్‌ను (ఏ లైబ్రరీలు కావాలో చూపేది) బైనరీ మీద నడిపి నాట్ ఫౌండ్ అని ఉన్న లైన్లు చూసి, మళ్లీ కట్టాలి.

మళ్లీ కట్టడానికి పాత ఫ్లాగులు గుర్తుండవు. పాత బైనరీ ఇంకా నడుస్తుండగానే -బిల్డ్‌కాన్ఫ్ ఇస్తే తనను ఏ ఫ్లాగులతో కట్టారో మొత్తం చెబుతుంది, దాన్ని ఒక ఫైలులో దాచుకోండి. అప్‌గ్రేడ్ అయిపోయి బైనరీ లేవకపోతే, బిల్డ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్.లాగ్ మొదటి లైన్లలో అదే కాన్ఫిగర్ కమాండ్ ఉంటుంది. ఆ లైన్‌లో ప్రిఫిక్స్‌లోని వెర్షన్ నంబర్ ఒక్కటి మార్చి, కొత్త ఖాళీ ఫోల్డర్‌లో నడిపించండి. పాత ఫోల్డర్‌ను కొత్త బిల్డ్ పరీక్షలన్నీ దాటాకే తీసేయండి.